ఇంగ్లీషు మాటల గుట్టు కాఫీ తోటలోనే ఉంది!

అరకులోయ: ఇంగ్లీషు పరీక్షలో ఒక మాట ఇచ్చి, ఖాళీలో దాని సరైన రూపం రాయమంటే పిల్లల కలం ఆగిపోతుంది. మన్యం పిల్లలకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఇంట్లో ఆదివాసీ ఒడియానో, కువియో మాట్లాడే పిల్లవాడికి బడిలో తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడో భాష. అర్థం తెలిసినా, అది నామవాచకమో, క్రియో, విశేషణమో తేలక మార్కులు పోతాయి.

అయితే ఈ తేడా కాఫీ తోటలోనే నేర్చుకోవచ్చు. పండిన కాయను 'రైప్' అంటారు. కాయ ఎలాంటిదో చెప్పింది కనుక విశేషణం. కాయ పండటం 'రైపెన్', ఇది క్రియ. పక్వత 'రైప్‌నెస్', ఇది నామవాచకం. సంతలో కాటా మీద తూచటం 'వెయ్', క్రియ. తేలిన బరువు 'వెయిట్', నామవాచకం.

చాలా మాటలకు తోకే గుర్తు. 'నెస్', 'షన్', 'మెంట్' తోకలుంటే సాధారణంగా నామవాచకం; 'ఫుల్', 'లెస్' ఉంటే విశేషణం. తోక లేని మాటకు వాక్యంలో దాని చోటు చూడాలి. 'ద డ్రై బీన్స్' అంటే ఎండిన గింజలు. 'డ్రై ద బీన్స్' అంటే గింజలను ఎండబెట్టమని. మాట ఒకటే, చోటు మారితే పని మారింది.

ఇది మనకు కొత్త కాదు. 'ఆమె నవ్వు బాగుంది' అంటే నవ్వు నామవాచకం. 'ఒకసారి నవ్వు' అంటే క్రియ.

కొండ భాషలకు వ్యాకరణం ఎక్కడిదని చిన్నచూపు చూడనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, దాని వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి 1931లో ప్రచురించారు. పేరు, పని, గుణం చెప్పే తీరు మన భాషల్లోనూ ఉంది.

అందుకే ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా పిల్లలకు సాయపడవచ్చు. పాఠంలోని మాటను పట్టుకుని, ఇంటి భాషలోనే మూడు ప్రశ్నలు అడిగితే చాలు: ఇది దేని పేరు? ఏ పని చెబుతోంది? ఎలాంటిదని చెబుతోంది? ఏ ప్రశ్నకు జవాబు దొరికితే, ఆ మాట ఆ జాతిదే.