హుజూర్‌నగర్‌లో ఉండి ఐరన్‌మ్యాన్‌కి ప్రిపేర్ అవ్వొచ్చా? కాల్వలో మాత్రం దిగొద్దు

ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఇదే: "అన్నా, మన దగ్గర పూల్ లేకపోతే ఏంది, సాగర్ ఎడమ కాల్వ ఉందిగా, అందులో ప్రాక్టీస్ చేస్తే సరిపోదా?" సరిపోదు. అసలు దిగొద్దు. ఎందుకో చెప్తా, మిగతా ప్రిపరేషన్ కూడా చెప్తా.

ముందు లెక్క చూద్దాం. ఫుల్ ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, 42.2 పరుగు. అన్నీ ఒకే రోజు, 17 గంటల్లోపు. 1978లో హవాయిలో మొదటి రేసుకు 15 మంది దిగితే 12 మంది పూర్తి చేశారు. మనం ముందు సగం దూరం రేసు టార్గెట్ పెట్టుకోవాలి. దాన్ని 70.3 అంటారు. గోవాలో 2019లో మొదలైంది: సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. ఈత 70 నిమిషాల్లో అవ్వకపోతే రేసు అక్కడితో ఖతం. అందుకే మనోళ్లకి కాల్వ గుర్తొస్తది.

ఇంటర్‌లో ఉన్నప్పుడు నేనూ దిగిన. పక్కకు వద్దామంటే సిమెంట్ అంచు చేతికి తగులుతుంది గానీ పట్టు దొరకదు, అంతా నాచు. అట్లనే కొట్టుకుపోయి, బట్టలు ఉతికే మెట్ల దగ్గర చెయ్యి అందింది. ఈ సంగతి మా అమ్మకి ఈ వీడియోతోనే తెలుస్తది! ఇంకో మాట, కాల్వలో నీళ్లే మిమ్మల్ని తోస్తయి. కిలోమీటర్ ఈదిన అనుకుంటరు, అందులో సగం కాల్వే ఈదింది. సముద్రంలో ఆ సాయం ఉండదు.

నేనేం చేసిన అంటే, శని, ఆదివారాలు హైదరాబాద్ పోయి కోచ్ దగ్గర పూల్‌లో నేర్చుకున్న. 25 మీటర్ల పూల్‌లో 76 సార్లు అటు ఇటు పోతే 1.9 కిలోమీటర్లు. మొదటి రెండు నెలలు దూరం గురించి ఆలోచించలే, నీళ్లలో ఊపిరి వదలడమే నేర్చుకున్న.

సైకిల్, పరుగు మన ఊర్లోనే చేయొచ్చు. తెల్లారకముందే బయల్దేరండి, వెనక రెడ్ లైట్ పెట్టండి, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంట్ లారీలు తిరుగుతయి. స్పీడ్ వద్దు. పక్కనోడితో మాట్లాడగలిగేంత మెల్లగా పోవాలి, వారంలో ఎక్కువ ట్రైనింగ్ అట్లనే ఉండాలి.

ఇప్పుడు తిండి. నా మొదటి లాంగ్ రైడ్‌కి చాయ్ బిస్కెట్ తిని మిర్యాలగూడ వైపు పోయిన. 60 కిలోమీటర్ల దగ్గర కళ్లు తిరిగి వేపచెట్టు కింద కూలబడ్డా. పొలానికి నీళ్లు పెట్టే పెద్దాయన తన సద్దిలోంచి అన్నం పెట్టిండు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ రెండు గంటల గట్టి పనికి అయిపోతది. అందుకే ఆకలి వేయకముందే తినాలి. గంటకు 30 గ్రాముల కార్బ్స్‌తో మొదలుపెట్టి మెల్లగా 60కి తెచ్చిన. ఒక అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటయి. ఇంట్లో అయితే లీటర్ నీళ్లలో 60 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ.

ఉత్త నీళ్లు మాత్రం లీటర్లు లీటర్లు తాగొద్దు. చెమటతో ఉప్పు పోతుంటే మనం నీళ్లే పోస్తే రక్తంలో సోడియం పడిపోతది. తలనొప్పి, వాంతులు, తికమక... ప్రాణం మీదికి కూడా రావొచ్చు. చాలామంది దీన్ని డీహైడ్రేషన్ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తరు.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు కూడా చూసుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటర్‌కి గ్లూకోజ్ 13.5 గ్రాములే, అంటే అది ఉప్పు కోసం, ఎనర్జీ కోసం కాదు. ఆ ఫార్ములా లేని తియ్యటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయొద్దని 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ల పోరాటం ఉంది.

నిద్ర గురించి ఒక్క ముక్క. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పొద్దున్నే సైకిల్ ఎక్కితే వారానికే మోకాలు పట్టేసింది నాకు. అట్లాంటి రోజు పడుకోండి.

షుగర్, బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టర్‌ని కలిశాకే మొదలుపెట్టండి. నెక్స్ట్ వీడియోలో సెకండ్ హ్యాండ్ సైకిల్ ఎట్ల చూసి కొనాలో చెప్తా. ఉంటా మరి.