పిల్లలకు ఎన్ని బొమ్మలు కావాలి?

కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన మన పెద్దల పిల్లలకు కొన్న బొమ్మలెక్కడివి? ఆ లోటు మనవల కాలంలో తీర్చుకొంటున్నామేమో, షాంటిలీలోని మా అమ్మాయి ఇంట కాలు మోపడానికి చోటులేదు. సగం నేను కొన్నవే!

2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వారు 36 మంది పసిపిల్లలను పరిశీలించిన ఫలితాలు ప్రకటించారు. ఒకసారి 4 బొమ్మలు, ఇంకొకసారి 16 ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ విధాలుగా ఆడుకొన్నారట. ఎదుట పదహారుంటే చేతిలోని ఆట ముగియకముందే చూపు పక్కదానిపై పడుతుంది కదా.

అలాగని అన్నీ పారవేయనక్కరలేదు. విరిగినవి తీసివేసి, ఆరేడు మాత్రం బయట ఉంచి, తక్కినవి పెట్టెలో దాచండి. రెండు మూడు వారాలకొకసారి మార్చండి. దాచిన బొమ్మ తిరిగి వస్తే పిల్లలకు కొత్తదే. బయట ఉంచేవాటిలో చెక్క దిమ్మెలు, ఏటికొప్పాక లక్కపిడతలవంటివి మేలు. వాటితో ఆట పిల్లలే కల్పించుకోవాలి.

ఇందులో నేనొక పొరపాటు చేశాను. మనవడు బడికి వెళ్లినప్పుడు ఒక పెట్టెడు బొమ్మలు ఎవరికో ఇచ్చివేశాను. అందులో చక్రం ఊడిన లారీ ఒకటి. నాకది చెత్త, వాడు దాన్ని పక్కన పెట్టుకొనిగాని నిద్రపోడు. తర్వాత చాలాకాలం, నేను వస్తున్నానంటే బొమ్మలు మంచం కింద దాచేవాడు. ఇప్పుడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని, "ఇది ఉంచుదామా, ఇద్దామా?" అని అడుగుతున్నాను. మొన్న తానుగా నాలుగు ఇచ్చాడు. లారీ సంగతి మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాడు.