మధుమేహము – గ్రంథుల వికారములు

కామారెడ్డి జిల్లా పడమటి కొసన, మహారాష్ట్రపు పొలిమేర చేరువలో డోంగ్లి యను గ్రామము కలదు. పూర్వము మద్నూరు మండలములో నుండి 2022లో తానే యొక మండలమునకు కేంద్రమైనది. ఆ వైపుల తెలుగు, మరాఠీ, కన్నడము మూడును వినబడుచుండును. ఏ భాష యింట నడిచినను, "షుగరు" అను మాట మాత్రము అందఱకును తెలియును. ఇది పట్టణములలో కూర్చుండి తిను ధనికుల జబ్బని లోకులు చాలకాలము తలచిరి. ఆ మాట నేడు చెల్లదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి గణన 2023లో వెలువడినది. దాని ప్రకారము మన దేశమున మధుమేహము కలవారు 10.1 కోట్లు, ఆ జబ్బు అంచున నిలిచినవారు మఱి 13.6 కోట్లు.

ఈ జిల్లాలోనే మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. ఆ నీటివలన వరి, చెఱకు పెరిగినవి. 1937లో బోధనునందు చక్కెర కర్మాగారము వెలసి, ఆ పేటకు శక్కర్‌నగర్ అను పేరే వచ్చినది. ఆ కర్మాగారము 2015లో మూతపడినది గాని, జొన్నరొట్టె స్థానమున మూడుపూటల తెల్లన్నము తినుట మాత్రము నిలిచిపోయినది. కేవలము చక్కెర తినుటచేతనే ఈ వ్యాధి వచ్చునని మేము చెప్పబోము. వంశము, స్థూలకాయము, శ్రమ తగ్గుట, పిండిపదార్థము మితిమీరుట – ఇవన్నియు కలిసి దానికి దారితీయును.

తిన్న అన్నము కడుపులో చక్కెరగా మారి రక్తమున చేరును. ఊరి వీధి నిండ ధాన్యపు బండ్లు వచ్చి నిలిచినవనుకొనుడు. ప్రతి యింటి తలుపు తీసి ధాన్యము లోపలికి చేర్చుటకు ఒకరు ఉండవలెను గదా. దేహమున ఆ పని చేయునది కడుపు వెనుకనున్న క్లోమమునుండి పుట్టు ఇన్సులిను. అది చాలకున్నను, దాని పిలుపును తలుపులు వినకున్నను, వీధిలో ధాన్యము కుప్పలు పడియుండగనే ఇండ్లలోనివారు పస్తుండవలసి వచ్చును. అందుచేతనే రోగికి ఆకలి యెక్కువ, ఒళ్లు మాత్రము చిక్కిపోవును. మిగిలిన చక్కెర మూత్రమున పోవుచు నీటిని గూడ వెంట తీసికొనిపోవును గనుక దాహము తీరదు.

ఇట్టి రసములకు 1905లో స్టార్లింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్మోనులని పేరు పెట్టెను. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వేరుచేసిరి. 1922 జనవరిలో లియొనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలునికి దానిని మొదట ఎక్కించిరి. అంతకుముందు ఇట్టి పిల్లలను పస్తులుంచి కొన్నాళ్లు బ్రతికించుటకంటె వైద్యులు చేయగలిగినది లేదు.

ఇది పాతకథయని తల్లులు తలపవలదు. చిన్నతనమున వచ్చు మధుమేహములో క్లోమము ఇన్సులినును దాదాపు పూర్తిగా మానివేయును. అట్టి బిడ్డకు సూది మాన్పించి పసరుమందు పోయించినచో, కొద్దిదినములలోనే వాంతులు, ఎగశ్వాస, మగత కలిగి ప్రాణము పోవచ్చును. సూదిమందు అలవాటు పడునను భయము వృథా. అది బిడ్డకు అన్నమువలె కావలసినది. ఇంట ఫ్రిజ్జు లేనిచో, వాడుచున్న మందుసీసాను తడి తగులకుండ చిన్న డబ్బాలో ఉంచి, నీరుపోసిన మట్టిపాత్రలో నీడపట్టున నుంచవచ్చును. దానిని మంచుగడ్డకు ఆనింపరాదు.

పెద్దవారి మధుమేహము మెల్లగా వచ్చును. నొప్పి లేదు గనుక ఎవరును లెక్కింపరు. ఏండ్ల తరబడి రక్తనాళములను, కంటి వెనుకటి పొరను, మూత్రపిండములను తినివేయును. పాదముల సంగతి కొంత విస్తరించి చెప్పవలెను. నరములు మొద్దుబాఱి ముల్లు గ్రుచ్చుకొన్నను, గుడి ప్రదక్షిణమున రాళ్లు కాలినను తెలియదు. రక్తము చాలినంత పాఱదు గనుక ఆ పుండు మానదు. క్రుళ్లి తుదకు కాలు తీయవలసి వచ్చును. పొలమున వట్టికాళ్లతో కలుపుతీయు స్త్రీలు రాత్రి దీపము దగ్గఱ అరికాలు చూచుకొనుట, వ్రేళ్లనడుమ తడి తుడుచుకొనుట, మెత్తని చెప్పులు తొడుగుట మఱువరాదు. వేడినీటిలో కాలు పెట్టుటకు ముందు మోచేతితో వేడి చూడుడు.

గర్భిణులకు తొలి పరీక్షనాడును, 24–28 వారముల నడుమను 75 గ్రాముల గ్లూకోజు నీరు త్రాగించి రెండు గంటలకు రక్తము చూచెదరు. 140 తాకినచో గర్భకాలపు మధుమేహము. కానుపుతో అది పోయినను ఆ తల్లికి ముందుముందు మధుమేహము వచ్చు భయము మెండు. ఆఱు వారములకు మరల పరీక్ష చేయించవలెను. బిడ్డ పుట్టిన సందడిలో దీనిని అడుగువారే యుండరు.

ఇతర గ్రంథుల మాట. మెడలోని థైరాయిడు మందగించినచో ఒళ్లు బరువెక్కును, చలి, మలబద్ధము, జుట్టు రాలుట, నెలసరి హెచ్చుట కలుగును. ఇంట దీనికి పెట్టు పేరు సోమరితనము! కోడలిని నిందించుటకు ముందొక రక్తపరీక్ష చేయించుట న్యాయము. గర్భిణికి ఈ లోపమున్నచో శిశువు మెదడునకు కీడు. అయొడిను కలిపిన ఉప్పు వాడవలెను. మాత్రను పరగడుపున, కాఫీకి దూరముగా మ్రింగవలెను. అండకోశపు హార్మోనుల వికారమున నెలసరి తప్పుట, ముఖమున రోమములు, సంతానము ఆలస్యమగుట కలుగును. ఇందు చాలమందికి ఇన్సులినును దేహము సరిగా వినకుండుట గలదు. కావున అట్టి కన్యలకు చక్కెర పరీక్షయు ఆవశ్యకము. కీళ్లనొప్పులకు, ఉబ్బసమునకు చీటీ లేకుండ దొరకు పొట్లపు మాత్రలలో స్టిరాయిడులు ఉండవచ్చును. అవి చక్కెరను పెంచును. చిరకాలము వాడి హఠాత్తుగా మానినచో అధివృక్క గ్రంథి చేతులెత్తివేసి ప్రాణాపాయమగును.

వంటయింటివారికి మా మనవి యొకటి. రోగికని వేఱు పొయ్యి అక్కఱలేదు. అన్నము తగ్గించి, పప్పును ఆకుకూరను పెంచి, అదే భోజనము ఇంటిల్లిపాదికి పెట్టుడు. జొన్నరొట్టెయైనను లెక్కలేకుండ తినరాదు. పిల్లలు విడిచినది పాఱవేయలేక తిను తల్లి తిండి లెక్కకు రాదు. మేమందుకు కారణము ఎఱుగుదుము గాని, ఆమె రక్తము దానిని ఎఱుగదు. మందు వేసికొనువారు ఏకాదశికో, శివరాత్రికో, రంజానుకో పస్తుండదలచినచో ముందుగనే వైద్యుని అడిగి మందు మార్పించుకొనవలెను. చెమట, వణకు, తికమక కలిగినచో చక్కెర పడిపోయినదని గ్రహించి, స్పృహ యున్నచో వెంటనే చక్కెరనీరు ఇయ్యవలెను. స్పృహ తప్పినవారి నోట ఏదియు పోయరాదు.

ముప్పది యేండ్లు నిండినవారి యింటికి ఆశా కార్యకర్త వచ్చి, నడుము కొలిచి, ప్రశ్నలడిగి వ్రాసికొనును. స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము ఆ లెక్కలో ఎక్కువ. పరగడుపు చక్కెర 126, లేక గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు 200 తాకినచో మఱియొక పరీక్షతో వైద్యులు వ్యాధిని నిర్ణయింతురు. ఆమె వచ్చినపుడు అత్తగారిని, మగవారిని పిలిచి కూర్చుండబెట్టి తాము వంటయింటనే యుండిపోవు ఇల్లాండ్రు అనేకులు. ఆ టేపు వారి నడుమును గూడ చుట్టవలెను.