పాఠం వింటే చాలదు, ప్రశ్న కూడా అడగాలి

పిల్లల చేతిలో సెల్‌ఫోన్ కనబడితే చాలు, మనకి ఒళ్ళు మండుతుంది. లాక్కుని బీరువాలో దాచేస్తాం. కానీ పొయ్యిమీద అన్నమూ వండుకోవచ్చు, చెయ్యీ కాల్చుకోవచ్చు. అంతా వాడే తీరులోనే ఉంది. ఏమంటారు?

కరోనా రోజులు గుర్తున్నాయి కదా! 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ సర్కారు బడి పిల్లలకి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. హైటెక్ సిటీ అద్దాల మేడల్లోని ఉద్యోగాలు ఇళ్ళనుంచే నడిచాయి. అక్కడికి కూతవేటు దూరంలో, మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురికి మాత్రం ఫోను లేదు. ఉన్న ఒక్కటీ తండ్రి వెంట పోయేది. మా హాల్లో కూర్చుని టీవీలో లెక్కల పాఠం చూసేది. మధ్యలో "ఆంటీ, ఇదెట్లొచ్చింది?" అని నన్నడిగేది. పాపం, టీవీలో సారుకి ఆ ప్రశ్న వినబడదు కదా!

అసలు చిక్కు అక్కడే ఉంది. 2017లో వచ్చిన దీక్ష యాప్‌లో పాఠాల వీడియోలు బోలెడున్నాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌కి ఫోను చూపిస్తే చాలు. అయితే ఊరికే చూస్తూ కూర్చున్న పిల్లాడికి నిద్రొస్తుంది. వాడిచేత మాట్లాడిస్తే, రాయిస్తే హుషారొస్తుంది.

మాదాపూర్ దుర్గం చెరువునే తీసుకోండి. ఇప్పుడందరూ తీగల వంతెన చూడటానికి వెళ్తున్నారు గానీ, ఒకప్పుడది గోల్కొండ కోటకి నీళ్ళిచ్చిన చెరువు. టీచరుగారు దానిమీద తలా నాలుగు వాక్యాలు రాయమనొచ్చు. పిల్లలు తాతయ్యల్ని, అమ్మమ్మల్ని అడిగి ఫోనులో రికార్డు చేసుకుంటారు. తెలుగులో టైపు చెయ్యడం రాకపోతే నోటితో చెబితే అక్షరాలు పడే సదుపాయం ఫోనులోనే ఉంది. రాసినవి తరగతి వాళ్ళంతా చదివే పేజీలో పెడితే, ఒకరు రాసిందాన్ని మరొకరు ప్రశ్నిస్తారు. నలుగురూ చదువుతారంటే తప్పులు కూడా వాళ్ళే దిద్దుకుంటారు.

కొన్ని జాగ్రత్తలు మరవకండి:

* పిల్లల ఫొటోలు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు అందులో పెట్టనివ్వకండి.
* ఆ పేజీ బయటివాళ్ళకి తెరుచుకోకుండా చూడమని టీచరుకి చెప్పండి.
* ఫోను లేని పిల్లలు కాగితంమీద రాసిస్తే, బడిలో కంప్యూటరులో ఎక్కించమనండి. వాళ్ళ మాట వెనకబడిపోకూడదు.

ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కులతోపాటు ఈ సంగతీ అడగండి. ఇంట్లో మీవాడు రాసింది చదివి మీరూ ఒక ప్రశ్న వెయ్యండి. జవాబు కోసం వాడే పుస్తకం తెరుస్తాడు!