పాదముతోపాటు వంగే చక్రాల స్కేటు

సంగారెడ్డి జిల్లాలోని గడ్డపోతారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగిసి కార్మికులు గేటు దాటుతున్నప్పుడు వారి కాళ్ళకున్న సేఫ్టీ బూట్లను గమనిస్తే ఒక సంగతి కనబడుతుంది. కొత్త బూటు పైభాగం నున్నగా ఉంటుంది. కొన్ని నెలలు తొడిగిన బూటుమీద మాత్రం వేళ్ళకు కొంచెం వెనుకగా అడ్డంగా ముడతలు పడి ఉంటాయి. ఆ ముడత తిన్నగా ఉండదు. బొటనవేలి వైపు కొంచెం ముందుకు, చిటికెనవేలి వైపు కొంచెం వెనుకకు ఏటవాలుగా సాగుతుంది. ఆ గీతను బూటు కుట్టినవాడు గీయలేదు, తొడిగినవాని పాదం గీసినది.

సేఫ్టీ బూటు ముందుభాగంలో వేళ్ళమీద బరువు పడకుండా ఉక్కు టోపీ ఒకటి అమర్చుతారు. ఆ టోపీ ముడత పడే చోటికి రాకుండా ముందే ఆగిపోతుంది. ఒక్క అంగుళం వెనుకకు జరిగితే చాలు, నడిచిన ప్రతి అడుగుకూ దాని అంచు వేళ్ళ మొదళ్ళను కోస్తుంది. బూటులో కాపాడవలసిన చోట గట్టిదనం, వంగవలసిన చోట మెత్తదనం అనే రెండు అవసరాలు ఇట్లు రాజీపడినవి. చక్రాలు కట్టిన బూటులో ఈ రాజీ అంత సులభంగా కుదరలేదు.

మానవుని ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నవి. వీటిలో అరికాలి నడుమనుండి వేళ్ళవైపు సాగే ఐదు పొడుగాటి ఎముకలను ప్రపదాస్థులు అంటారు. ఇవి వేళ్ళ ఎముకలతో కలిసే ఐదు కీళ్ళ వరుసే బూటుమీద ముడత గీసే గీత. నడిచేటప్పుడు మడమ పైకి లేస్తుంది, వేళ్ళు మాత్రం నేలమీదనే ఉంటాయి. పాదం ఈ గీతవద్ద మడతపడుతుంది.

ఆ మడతవలన మరొక మేలు కూడా ఉన్నది. మడమ ఎముకనుండి వేళ్ళ మొదళ్ళ వరకు అరికాలి అడుగున గట్టి నారపొర ఒకటి ఉన్నది. వేళ్ళు పైకి వంగినప్పుడు ఈ పొర, గిలకచుట్టూ చేదతాడు చుట్టుకొన్నట్లు, ప్రపదాస్థుల తలల చుట్టూ బిగుసుకొంటుంది. తాడు బిగిస్తే విల్లు వంగినట్లు అరికాలి వంపు ఎత్తవుతుంది, పాదమంతా ఒక గట్టి మీటగా మారుతుంది. దీనిని 1954లో జె. హెచ్. హిక్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. పాఠకులు దీనిని ఇంటివద్దనే పరీక్షించవచ్చును. ఒకరు తిన్నగా నిలబడితే, మరొకరు వారి బొటనవేలిని మెల్లగా పైకెత్తవలెను. లోపలివైపు అరికాలి వంపు తనంతట తాను పైకి లేవడం కంటికి కనబడుతుంది.

వేళ్ళు వంగితేనే పాదం గట్టిపడుతుందన్న మాట. బిగువైన స్కేటు బూటులో వేళ్ళు వంగవు. అక్కడ పాదానికి కావలసిన గట్టిదనాన్ని బూటే అరువు ఇయ్యవలసి వస్తుంది.

చక్రాల స్కేట్ల కథ పాతది. 1760ల్లో జోసెఫ్ మెర్లిన్ అనే వాద్యపరికరాల నిర్మాత లండనులో ఒక విందుకు చక్రాలమీద వయొలిన్ వాయిస్తూ వచ్చి, ఆగలేక, మలుపు తిరుగలేక పెద్ద అద్దానికి గుద్దుకొన్నాడని చెప్పుకొంటారు. ఆ లోపాన్ని సరిదిద్దినవాడు అమెరికాకు చెందిన జేమ్స్ ప్లింప్టన్. 1863లో ఆయన ముందు రెండు, వెనుక రెండు చక్రాలు పెట్టి, ఇరుసులకూ పలకకూ మధ్య రబ్బరు దిండ్లు అమర్చాడు. మనిషి ఒకవైపు వాలితే ముందు ఇరుసు ఆ వైపుకు, వెనుక ఇరుసు దానికి ఎదురుగా తిరుగుతాయి, స్కేటు వంపు తిరుగుతుంది. నేటి నాలుగు చక్రాల స్కేటు మూలసూత్రం ఇదే. 1970ల ఆరంభంలో పాలీయురెథేను చక్రాలు వచ్చిన తరువాత నేలపట్టు పెరిగింది, చప్పుడు తగ్గింది. పలక మాత్రం గట్టిగానే ఉండిపోయినది.

అట్లు ఉండిపోవడానికి కారణం లేకపోలేదు. ప్లింప్టన్ అమరికలో ఇరుసు తిరిగే కీలు నిట్టనిలువుగా ఉండదు, కొంత వాలి ఉంటుంది. ఎంత వాలితే ఎంత మలుపు అన్నది ఆ కోణాన్నిబట్టి ఉంటుంది. ఆ కోణం 10 డిగ్రీలని అనుకొందాము. బరువు పడి పలక నడుమ మొత్తం 5 డిగ్రీలు వంగితే ఒక్కొక్క కొన రెండున్నర డిగ్రీలు మారుతుంది. 10 డిగ్రీల కోణంలో రెండున్నర అంటే నాలుగో వంతు. మలుపు మధ్యలో, పాదం నొక్కినప్పుడెల్లా స్టీరింగు నాలుగో వంతు మారిపోయే బండిని ఎవరు నడపగలరు? పైగా పలక మెలిపడితే రెండు ఇరుసుల వాలు వేరువేరుగా ఉంటుంది. ఒకటి మలుపు తిరుగుదామంటుంది, రెండవది తిన్నగా పోదామంటుంది.

పిల్లలు చెప్పులమీద, బూట్లమీద కట్టుకొనే సాగుడు స్కేట్లు వాడినవారికి ఈ బాధ అనుభవమే. వాటి పలక రెండు ముక్కలు. పాదం పొడవునుబట్టి జరిపి నడుమ నట్టు బిగిస్తారు. నట్టు వదులైతే ఆ స్కేటు కూడా 'వంగుతుంది'. పాదం కోరిన చోట కాదు, నట్టు వదులైన చోట. పాదం మడత వేళ్ళ మొదట పడుతుంటే స్కేటు మడత అరికాలి నడుమ పడుతుంది. అటువంటి స్కేటు ఎగుడుదిగుడు నేలమీద పిల్లవాని చీలమండను మెలిపెట్టగలదు. వంగడమే గుణం కాదు, ఎక్కడ, ఎటు, ఎంత అన్న మూడింటికీ జవాబు ఉండవలెను.

గట్టి పలకమీద సాధించగలిగిన నైపుణ్యానికి హైదరాబాదు క్రీడాకారుడు అనూప్ కుమార్ యామ మంచి నిదర్శనం. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఆయన ఆర్టిస్టిక్ స్కేటింగులో రెండు కాంస్య పతకాలు పొందాడు. ఒకటి పురుషుల వ్యక్తిగత విభాగంలో, రెండవది అవనీ పంచాల్‌తో జంటగా. 2014లో స్పెయిను దేశపు రేయుస్ పట్టణంలో జరిగిన ప్రపంచ పోటీలలో ఇన్‌లైన్ విభాగపు స్వర్ణపతకం ఆయనకు దక్కింది. 2015లో అర్జున పురస్కారం లభించింది. గాలిలోకి ఎగిరి, తిరిగి, ఒంటికాలిమీద వెనుకకు జారుతూ దిగే క్రీడ ఇది. దిగిన క్షణంలో మనిషి బరువుకు కొన్ని రెట్ల బలం ఒక్క స్కేటుమీద పడుతుంది. అప్పుడు ఇరుసులు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే పతకం మాట అటుంచి కాలు దక్కడమే కష్టం.

ఆర్టిస్టిక్ ఇన్‌లైన్ స్కేటులో చక్రాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి గాని, వాటి అడుగులు ఒకే తిన్నని గీతమీద ఉండవు. కొంచెం తొట్టెల అడుగు వలె విల్లుగా అమర్చి ఉంటాయి. పాదం వంగకుండానే బరువు మడమనుండి వేళ్ళవైపుకు దొర్లుతుంది. వంగని పాదానికి ఇది పాత వైద్యమే. మధుమేహంవలన స్పర్శ తగ్గి పుండ్లు పడే పాదాలకు వైద్యులు సూచించే రాకర్ సోలు చెప్పులు ఇదే సూత్రంమీద పనిచేస్తాయి. వేళ్ళ మొదళ్ళు వంగనక్కరలేకుండా అట్టయే దొర్లుతుంది, పుండుమీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇక వేగపు పోటీల సంగతి. ఇక్కడ గట్టి స్కేటు వలన కలిగే నష్టాన్ని మొదట కొలిచి చూపినది మంచుమీద. నెదర్లాండ్సులోని ఆమ్‌స్టర్‌డాము స్వేచ్ఛా విశ్వవిద్యాలయంలో గెరిట్ యాన్ ఫాన్ ఇంగెన్ స్కెనౌ, ఆయన సహచరులు 1980లనుండి స్కేటరు కాలు నేలను ఎట్లు తన్నుతున్నదో పరిశీలించారు. లెక్క సులభమైనదే. చీలమండనుండి వేళ్ళ మొదటికి సుమారు 13 సెంటీమీటర్లు అనుకొందాము. 60 కిలోల మనిషి వేళ్ళ మొదళ్ళమీద లేవడానికి పిక్క కండరం 60ని 13తో గుణించిన 780 కిలో-సెంటీమీటర్ల భ్రామకాన్ని చీలమండవద్ద ఎదుర్కోవలెను. గట్టి స్కేటులో మడమ లేవాలంటే స్కేటు మొత్తం దాని ముందు కొనమీద లేవవలెను. ఆ కొన చీలమండకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే భ్రామకం 1200 అవుతుంది, అనగా ఒకటిన్నర రెట్లు. అంతేకాక బ్లేడు కొన మంచులో గుచ్చుకొని వేగాన్ని అడ్డుకొంటుంది. అందువలన స్కేటర్లకు మడమ ఎత్తవద్దనే శిక్షణ ఇచ్చేవారు. మోకాలు పూర్తిగా చాపకముందే తన్ను ముగిసిపోయేది.

వారు చేసిన మార్పు ఒక్కటే: బూటు అట్టకు వేళ్ళ మొదళ్ళ కింద ఒక మడతబందు, ఒక స్ప్రింగు. మడమ లేచినా బ్లేడు పూర్తిగా మంచుమీదనే ఉంటుంది. కాలు ఎత్తగానే స్ప్రింగు బ్లేడును లాగి 'క్లాప్' మని మడమకు కొడుతుంది. ఆ చప్పుడే దానికి పేరైంది. పెద్ద క్రీడాకారులు చాలకాలం దీనిని నమ్మలేదు. 1994–95 శీతకాలంలో దక్షిణ హాలెండు ప్రాంతపు యువ స్కేటర్లు కొందరు ధైర్యంచేసి వాడగా, ఇతరులకంటె వారి కాలాలు ఎంతో మెరుగైనవి. 1998 నాగానో ఒలింపిక్సు నాటికి దాదాపు అందరి కాళ్ళకూ అవే. అక్కడ నెదర్లాండ్సుకు చెందిన జియాని రోమె 5,000, 10,000 మీటర్ల పందాలు రెండింటిలోను ప్రపంచ రికార్డులు నెలకొల్పాడు. తరువాత కొలిచి చూడగా లాభం పరిశోధకులు మొదట ఊహించినట్లు చీలమండ ఒక్కదానిది కాదని, మోకాలికి కూడా అందులో పెద్ద వాటా ఉన్నదని తేలింది. పరికరం సరియైనదే గాని, అది ఎందుకు పనిచేస్తున్నదన్న ఊహ కొంత తప్పు. విజ్ఞానశాస్త్రంలో ఇది అరుదేమీ కాదు.

ఇక్కడ తరచుగా ఒక పొరపాటు దొర్లుతుంది. క్లాప్ స్కేటులో పాదం వంగదు. బూటు అట్ట గట్టిదే. చీలమండకు స్వేచ్ఛ వచ్చింది గాని, వేళ్ళ మొదళ్ళకు రాలేదు. చక్రాల స్కేట్లకు కూడా ఈ మడతబందును పెట్టి చూశారు, కాని వేగపు పోటీలలో బిగువు ఫ్రేము, కార్బను బూటులే నిలిచినవి. చక్రానికి గుచ్చుకొనే కొన లేదు. ముందు చక్రంమీద లేచినా అది దొర్లుతూనే ఉంటుంది. కావున మంచుమీద దొరికినంత లాభం ఇక్కడ దొరకదు, మడతబందు బరువు మాత్రం మోయక తప్పదు.

నిజంగా పాదంతోపాటు వంగే నాలుగు చక్రాల స్కేటు కావలెనంటే పలకనే వేళ్ళ మొదళ్ళవద్ద రెండు చేయవలెను. అప్పుడు వచ్చే మొదటి చిక్కు ఇది: మడమ లేవగానే వెనుక చక్రాలు గాలిలోకి లేస్తాయి. మనిషి ఒక్క ఇరుసుమీద మిగులుతాడు. ఒక్క ఇరుసుమీద నిలబడడమంటే రోలుకర్రమీద నిలబడడమే. దానికి విరుగుడు మూడవ ఇరుసు. మడత గీత కిందనే ఒక జత చక్రాలు పెడితే, మడమ లేచినా ముందు జత, నడుమ జత నేలమీద ఉంటాయి.

మూడు ఇరుసులతో మలుపు ఎట్లు? కాగితంమీద దీని సమాధానం అందంగా వస్తుంది. నడుమ ఇరుసును పక్కకు వాలనిచ్చి, తిరగనీయకుండా ఉంచవలెను. మడమ దిగి ఉన్నప్పుడు ముందు, వెనుక ఇరుసులు ఎదురెదురుగా తిరుగుతాయి. మలుపు కేంద్రం వాటి సరిమధ్యనుండి పక్కకు గీచిన గీతమీద ఉంటుంది. నడుమ ఇరుసు ఆ గీతమీదనే ఉంటే అది ఎవరికీ అడ్డం రాదు. మడమ లేచినప్పుడు ముందు ఇరుసు ఒక్కటే తిరుగుతుంది, కాని చక్రాల దూరం కూడా సగమైంది. కావున మలుపు వ్యాసార్ధం మారదు. స్కేటరుకు తేడాయే తెలియదు.

అయితే పాదం ఈ లెక్కకు ఒప్పుకోదు. మడత గీత పాదం నడుమ లేదు, మడమనుండి సుమారు పదింట ఏడు వంతుల దూరంలో ఉన్నది. 25 సెంటీమీటర్ల పాదానికి అది పదిహేడున్నర సెంటీమీటర్లు. వెనుక ఇరుసును మడమ కొననుండి 5 సెంటీమీటర్లవద్ద పెడితే దానికీ మడతకూ దూరం పన్నెండున్నర. ముందు ఇరుసు కూడా మడతకు అంతే దూరంలో ఉండాలి గనుక అది వేలికొన దాటి 5 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. అంత పొడుగు ముక్కున్న స్కేటుతో ఒక కాలిమీదుగా మరొక కాలు దాటించి మలుపు తిరగడం కష్టం. ఇరుసును వెనుకకు లాగితే మలుపు చెడుతుంది.

రెండవ చిక్కు మెలికది. పలక పైకి కిందికి వంగవలెను గాని, పిండిన బట్టవలె మెలిపడరాదు. సన్నని రేకు వంగుతుంది, అంత సులభంగా మెలికా పడుతుంది. వెడల్పైన మడతబందు వేస్తే కొంత నయం. ఇంకొక దారి నారలు కలిపిన మిశ్రమ పదార్థం. కార్బను లేక గాజునారలను పొడవునా పేరిస్తే పలక వంగడానికి మొరాయిస్తుంది. వాటినే ఇటు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు ఏటవాలుగా అల్లి, పొడవునారలు తగ్గిస్తే మెలికకు గట్టిగా నిలిచి, వంపుకు లొంగుతుంది. ఒక్క లోహంతో ఇది కుదరదు.

మిశ్రమ పదార్థాల విద్య హైదరాబాదుకు కొత్తది కాదు. క్షిపణుల కోసం ఇక్కడ అభివృద్ధిచేసిన తేలిక పదార్థంతో ఎ. పి. జె. అబ్దుల్ కలాం బృందం, నిమ్స్ ఆసుపత్రి వైద్యులు కలిసి పోలియో సోకిన పిల్లలకు కాలిపట్టీలు తయారుచేశారు. 3 కిలోలకు పైబడిన లోహపు పట్టీల స్థానంలో 300 గ్రాములవి వచ్చినవి. కలాం తన ప్రసంగాలలో పలుమార్లు చెప్పుకొన్న ఆనందం ఇది. ఆ పట్టీలో ఉన్న కిటుకు స్కేటుకు సరిగా తలక్రిందులు. మునిపాదం నేలను నొక్కితే నేల తిరిగి నొక్కే బలం గట్టి అట్టద్వారా మోకాలి కిందికి చేరి, బలహీనమైన మోకాలు కూలిపోకుండా వెనుకకు నెట్టి నిలుపుతుంది. అట్ట వంగితే ఆ బలం దారిలోనే పోతుంది, పిల్లవాడు పడిపోతాడు. కావున ఆ పాదఫలకం వంగరాదు.

ఒకే నారను ఒక పిల్లవాని కాలికి వంగకుండా, మరొక పిల్లవాని స్కేటుకు వంగేటట్లు పేర్చవచ్చును. మూడు ఇరుసుల స్కేటుకు ఇంకా మిగిలిన చిక్కు మడత గీత ఏటవాలుది. ఇరుసులు ప్రయాణదిశకు అడ్డంగా ఉండక తప్పదు, పాదం మాత్రం ఏటవాలుగానే మడుస్తుంది. తిన్నని మడతబందు వేస్తే ఆ తేడా అంతా బూటు లోపలి మెత్తమీద, చివరకు చిటికెనవేలి మొదలుమీద పడుతుంది. ఆ భారం ఎంతో తెలిసికొనడానికి ప్రయోగశాలతో పనిలేదు. కొన్ని వారాలు వాడిన తరువాత లోపలి మెత్తను బయటికి తీసి, ఏ చోట అరిగిందో చూస్తే చాలు.