పెరటిలో కారెట్టు: విత్తుటకు తగిన కాలము

తొలకరి పడగానే పెరటి తోటలకై కూరగాయల విత్తనములు పంచుట మన గ్రామములలో కద్దు. బెండ, బీర, గోరుచిక్కుడు, ఆనప విత్తనములతోపాటు కారెట్టు విత్తనము కూడ ఒక పొట్లములో చేరి, జూన్ మాసముననే ఇండ్లకు వచ్చుట కలదు. బెండ నెలన్నరలో కాపునకు వచ్చును. బీర పందిరి కెక్కును. కారెట్టు మాత్రము ఆకు బాగుగ పెరిగియు, అడుగున పెన్సిలు లావునకు మించని పీచువేరు మిగుల్చును. “మన నేలకు ఇది రాదు” అని ఇల్లాలు ఆ మడిని తోటకూరకు విడిచిపెట్టును. మరుసటి యేడు తగిన అదనున విత్తనమిచ్చినను పుచ్చుకొనుటకు మనసొప్పదు. ఇందు దోషము నేలది కాదు, ఇల్లాలిది కాదు. విత్తనము పంచిన నెలది. అందుచేతనే ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

గడ్డ ఊరునది చలిలోనే

కారెట్టు చలిని కోరు పంట. మొలకెత్తునపుడు కొంత వేడిమిని ఓర్చుకొనును. కాని గడ్డ ఊరుటకును, రంగు తిరుగుటకును 15 మొదలు 20 సెంటిగ్రేడు డిగ్రీల ఉష్ణోగ్రత మిక్కిలి అనుకూలము. వేడిమి 30 డిగ్రీలు దాటుచుండినచో గడ్డ పొట్టిదై, పీచు పట్టి, వెలవెలబోవును.

ఈ రంగు కంటి కింపు గొలుపుటకు మాత్రమే కాదు. నారింజ వన్నెకు కారణమైనది ముఖ్యముగా కెరోటిను అను పదార్థము. మన శరీరము దానిని ‘ఎ’ విటమినుగా మార్చుకొనును. ఆ విటమిను చాలని పిల్లలకు రేచీకటి కలుగును. పాలిపోయిన గడ్డలో కెరోటినును తక్కువయే. కావున అదనున విత్తుట దిగుబడికే గాక, పసిపిల్లల కంటిచూపునకును సంబంధించిన విషయము.

సంతలో ఏడాది పొడవునను కారెట్టు దొరకుచున్నదే యని కొందరు సందేహింపవచ్చును. నీలగిరులలోని ఉదకమండలము సముద్రమట్టమునకు 2,200 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. అచట వేసవిపగలు సైతము మన పుష్యమాసపు పగటికంటె చల్లన. అందుచే అట్టి చోట్ల సంవత్సరమంతయు విత్తుదురు. సంతలోని గంపను చూచి మన పెరటి కాలమును నిర్ణయింపరాదు.

వెనుకకు లెక్కించు పద్ధతి

కాలనిర్ణయమునకు సులభమైన పద్ధతి యొకటి గలదు. విత్తిన 90 మొదలు 100 దినములలో గడ్డ చేతికి వచ్చును. అందు మొదటి సగము ఆకు పెరుగుటకును, వేరు లోతునకు దిగుటకును పోవును. రెండవ సగమున గడ్డ లావెక్కి రంగు తిరుగును. ఈ రెండవ సగము మీ యూరిలో చలి గట్టిగానుండు దినములలో పడవలెను.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని పెద్దల మాట. ఫిబ్రవరి నడుమకు గడ్డ త్రవ్వవలెనన్నచో, అచటినుండి 95 దినములు వెనుకకు లెక్కింపగా నవంబరు రెండవ వారము వచ్చును. మైదానప్రాంతములకు అది కడపటి గడువు. నవంబరు కడపట చలి ముదురునాటికి మొక్కకు నెలన్నర వయస్సు ఉండవలెనన్నచో, అక్టోబరు రెండవ వారమున విత్తవలెను. ఈ రెండింటి నడిమి నెల దినములే నిక్కమైన అదను.

ప్రాంతమును బట్టి మార్పు

తెలంగాణ పీఠభూమిలో చలి ముందుగా వచ్చును; ఆదిలాబాదు వైపు కొన్ని రాత్రులు 10 డిగ్రీలకు లోపుగా దిగును. అచట సెప్టెంబరు కడపటినుండియే విత్తవచ్చును. అరకు, పాడేరు, చింతపల్లి వంటి కొండప్రాంతములలోను, ఎత్తున నున్న మదనపల్లె పరిసరములలోను సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు వీలున్నది. గోదావరి, కృష్ణా డెల్టాలలో రాత్రుల చలి స్వల్పము. కావున పైన చెప్పిన నెలను దాటనీయరాదు. నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు మాసములలో ఈశాన్య ఋతుపవనపు వానలు ముమ్మరము. సన్నని విత్తనము కొట్టుకొనిపోకుండ ఎత్తుమడులు కట్టి, నవంబరు రెండవ పక్షమున వానలు తెరపి యిచ్చినపుడు విత్తుట మేలు.

విత్తనపు రకమును గమనింపవలెను. పూసా మేఘాలి, పూసా కేసర్ రకములు కొంత వేడిమికి తట్టుకొనును. ముందుగా విత్తువారికి ఇవి తగినవి. నాంటిస్ రకము రుచికి మేలైనదే గాని చలిని ఎక్కువగా కోరును. దానిని అక్టోబరు నడిమికి ముందు వేయరాదు. అది మైదానములలో విత్తనము కట్టదు గనుక ఏటేట కొనవలసినదే.

మడి తయారుచేయుట

నేలను అడుగు లోతున గుల్లచేసి రాళ్ళు ఏరివేయవలెను. నల్లరేగడి యైనచో ఇసుక కలుపవలెను. బాగుగ చివికిన పశువుల ఎరువునే వేయవలెను. పచ్చిపేడ వేసినచో గడ్డ చీలి పంగలు వేయును. నారు పోసి నాటుటయు తగదు. విత్తనమును పొడి ఇసుకతో కలిపి, అడుగు ఎడముగ గీసిన సాళ్ళలో ఒక సెంటీమీటరు లోతున చల్లవలెను. మొలకకు ఒకటి రెండు వారములు పట్టును. అంతవరకు మడి ఎండరాదు. మూడు నాలుగు ఆకులు వేసిన పిదప ఒత్తుగనున్న మొక్కలను పెరికి, మొక్కకు మొక్కకు రెండంగుళముల ఎడ ముంచవలెను. నేలను బొత్తిగా ఎండనిచ్చి ఒక్కమారుగ నీరు పెట్టినచో గడ్డలు పగులును.

పంచాయతీ చేయదగినది

ఎకరమునకు రెండు రెండున్నర కిలోల విత్తనము పట్టును. అనగా పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల పెరటిమడికి మూడు గ్రాములు చాలును. నూరు ఇండ్లకు 300 గ్రాములు మాత్రమే. ఇంత స్వల్పమైన విత్తనము అదనునకు అందకపోవుటకు కారణము సొమ్ము లేమి కాదు, ముందుచూపు లేమి. కావున సభ్యులు ఆగస్టు సమావేశముననే ఈ విషయమును చర్చించి, తమ యూరి అదనును నిర్ణయించి, విత్తనమునకు వ్రాయవలెను. పొట్లముపై నున్న గడువు తేదీని పరీక్షింపవలెను. కారెట్టు విత్తనము పాతబడినకొలది మొలక తగ్గును. అంగన్‌వాడీ, పాఠశాలల ఆవరణలలో పదునైదు దినముల ఎడముతో రెండు మడులు వేసినచో పిల్లలకు ఎక్కువ దినములు గడ్డలు అందును.

జూన్ పొట్లములో కారెట్టునకు బదులు తోటకూర విత్తనము ఉంచవలెను. పెరటికొక మునగకొమ్మ నాటింపవలెను. ఈ రెండు ఆకులును కెరోటిను పుష్కలముగా గలవే. కారెట్టు లేని నెలలలో పిల్లల కన్నులను కాపాడునవి అవియే. కూర ఏదైనను కొంచెము నూనె చేర్చి వండినగాని కెరోటిను ఒంటికి బాగుగ పట్టదని తల్లులకు తెలియజెప్పుట కూడ సభ్యుల విధులలో నొకటి.