కాచినా పోనిది

అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో డుంబ్రిగుడ మండలంలోకి అడుగు పెట్టినవాళ్లను చాపరాయి వాగు ఆపేస్తుంది. బండల మీదుగా జారే నీళ్లలో ఆడి, తడి బట్టలతో ఒడ్డుకు చేరిన పర్యాటకుడికి ముందుగా కావాల్సింది వేడి టీ. ఆ టీలో పడే పాలు తరచుగా మైదానం నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చిన ప్యాకెట్ పాలే. చుట్టూ కొండవాలుల్లో ఆవులు మేస్తూనే ఉంటాయి. అయినా ఈ ప్రాంతపు గిరిజన కుటుంబాల్లో చాలామంది పశువును పాల కోసం పెంచలేదు. దుక్కికి ఎద్దు, పొలానికి గత్తం, పాలు దూడకు. అదీ ఇక్కడి పాత లెక్క.

ఆ లెక్క మెల్లగా మారుతోంది. పాలు అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశ కొండ ఎక్కింది. సంకరజాతి ఆవు వచ్చిన శాలలోకి దాని వెనకే పొదుగువాపు వస్తుంది, పొదుగువాపు వెనకే సిరంజి వస్తుంది. మైదానంలో ఏళ్ల తరబడి జరిగిన పొరపాట్లు ఇక్కడ ఇంకా వేళ్లూనుకోలేదు కాబట్టే, మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఈ కొండల్లో ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మందులకు లొంగని బ్యాక్టీరియా అనగానే అది నిప్పుకూ లొంగదేమోనని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. యాంటీబయాటిక్‌ను తట్టుకునే శక్తి వేరు, వేడిని తట్టుకునే శక్తి వేరు. పాలను 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు గానీ, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు గానీ ఉంచితే మామూలు ఇ.కోలై బ్యాక్టీరియా ఎలా చస్తుందో, పది మందులను ఎదిరించిన ఇ.కోలై కూడా అలాగే చస్తుంది. పాశ్చరైజేషన్ చేసేది ఇదే. పాలు పొంగు వచ్చేదాకా కాచే మన ఇళ్ల అలవాటు అంతకంటే ఎక్కువ వేడినే ఇస్తుంది. ‘సహజం’, ‘స్వచ్ఛం’ అన్న పేరుతో పచ్చిపాలు తాగమని చెప్పేవాళ్లు మనకున్న ఈ పెద్ద రక్షణను చేజేతులా వదులుకోమంటున్నారు.

అయితే నిప్పు తీర్చలేనివి రెండున్నాయి. మొదటిది విషం. పొదుగువాపుకు ముఖ్య కారణమైన స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు, పాలు వెచ్చగా నిలవున్నప్పుడు పెరిగి ఒక విషాన్ని వదులుతాయి. కాచితే బ్యాక్టీరియా చస్తుంది, విషం మిగిలిపోతుంది. 2000 సంవత్సరంలో జపాన్‌లో స్నో బ్రాండ్ కంపెనీ పాలు తాగి 13 వేల మందికి పైగా వాంతులు, విరేచనాల పాలయ్యారు. హొక్కైడోలోని పాలపొడి కర్మాగారంలో కొన్ని గంటలు కరెంటు పోవడం, ఆ సమయంలో పాలు చల్లబరచకుండా ఉండిపోవడమే మూలమని విచారణలో తేలింది. తరువాత ఎంత వేడి చేసినా ఆ విషం పోలేదు. అంత ఆధునిక దేశంలో అంత పేరున్న కంపెనీకి జరిగింది, పితికిన పాలను రెండు మూడు గంటలు క్యాన్‌లో ఉంచి తీసుకెళ్లే మన దారుల్లో జరగదని అనుకోలేం. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ అరకు లోయకు చలి కొంత కాపు కాస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి ఆ కాపు ఉండదు.

రెండోది మందు. ఆవుకు ఎక్కించిన యాంటీబయాటిక్ రక్తంలోంచి పొదుగులోకి, పొదుగులోంచి చెంబులోకి దిగుతుంది. పొయ్యి మీద పాలు ఎంత పొంగినా ఆ మందులో చాలా భాగం అలాగే ఉంటుంది. పెన్సిలిన్ పడనివాళ్లకు ఆ శేషం ముప్పే. దానికంటే పెద్ద ముప్పు, అందరి కడుపుల్లోని బ్యాక్టీరియాకూ రోజూ చిన్న మోతాదులో మందు రుచి చూపించడం. బ్యాక్టీరియాను చంపేంత ఉండదు, తట్టుకోవడం నేర్పేంత ఉంటుంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ ప్రసంగంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు.

ఈ కథలో ఒక తెలుగువాడి పేరు కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, మిస్సోరీ పొలంలోని మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలో మొదటి మందు అదే. 1948లో అది లోకానికి తెలిసిన కొద్ది వారాలకే సుబ్బారావు కన్నుమూశారు. ఆ తరువాత అదే సంస్థలోని శాస్త్రవేత్తలు, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయని గమనించారు. రోగం నయం చేయడానికి పుట్టిన మందు అలా మేతలోకి చేరింది. యూరోపియన్ యూనియన్ ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని పూర్తిగా ఆపింది 2006 జనవరి 1న. అప్పటికి అర్ధ శతాబ్దం దాటిపోయింది. ప్రాణాలు కాపాడాలని కష్టపడినవారి మందును మనం ఇలా వాడేశామన్నది బాధపడాల్సిన విషయం.

పాడి పశువులో మందు అరిగిపోయే తీరు చూడాలంటే పొదుగు దగ్గరికే వెళ్లాలి. పొదుగు గట్టిపడి, పాలు గడ్డలుగానో నీళ్లగానో వస్తే రైతుకు తెలుస్తుంది. చాలా సందర్భాల్లో అలా తెలియదు. పాలు తెల్లగానే ఉంటాయి, దిగుబడి మాత్రం తగ్గుతుంది. లోపల స్టెఫైలోకాకస్ కణాల మాటున దాక్కుని, జిగురు పొర అల్లుకుని కూర్చుంటుంది. ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయించకుండా దుకాణంలో అడిగి తెచ్చిన ఇంజెక్షన్ రెండు రోజులు వేస్తారు. వాపు తగ్గగానే మూడో రోజు మానేస్తారు. బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవి మిగిలి, మళ్లీ పెరుగుతాయి. అంతటితో ఆగదు. మందును ఎదిరించే జన్యువును చిన్న ఉంగరంలాంటి డీఎన్ఏ మీద పెట్టి పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. పితికేవాళ్ల చేతులు, పాలచెంబు, పేడ, వాగు నీళ్లు, అన్నీ దాని దారులే.

మందు కలిసిన పాలు మనుషులకు పనికిరావు కదా, పారబోయడం ఎందుకని దూడకు తాగించడం ఎక్కువచోట్ల కనిపించే పద్ధతి. చూడటానికి పొదుపు. నిజానికి ఆ దూడ కడుపే మొండి బ్యాక్టీరియాకు నారుమడి అవుతుంది. పాలు దూడవే అన్న సంప్రదాయం బలంగా ఉన్న డుంబ్రిగుడలాంటి చోట ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి.

చట్టం లేకపోలేదు. 2012లో సవరించిన ఔషధ నిబంధనల ప్రకారం, పశువుల మందు సీసా మీద మందు ఆపాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాయాలి. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు తేల్చకపోతే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. లీటరు పాలలో పెన్సిలిన్ 4 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు పెట్టింది. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం మైక్రోగ్రాము. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే పశువుల్లో వాడకూడదని 2019 జులైలో కేంద్రం నిషేధించింది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశంలోని 1,103 పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీయించింది. వాటిలో 77 నమూనాల్లో యాంటీబయాటిక్ హద్దు దాటి ఉంది. నూటికి ఒకటికి కాస్త ఎక్కువ. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ రోజూ పాలు పోయించుకునే ఇల్లు ఏడాదికి మూడు వందల అరవై అయిదు సార్లు ఆ పందెం కాస్తోంది.

పాలలో మందు ఉందేమోనన్న అనుమానం మన ఇళ్లలోనే పుట్టవచ్చు. పెరుగు తోడుకోకపోవడం అందుకో గుర్తు. తోడులోని మంచి బ్యాక్టీరియాకు పెన్సిలిన్ అంటే ప్రాణగండం, కొద్దిపాటి శేషానికే అవి చతికిలపడతాయి. చలి వల్లా, తోడు పాతబడటం వల్లా కూడా పెరుగు తోడుకోదు కాబట్టి అది రుజువు కాదు. డెయిరీ ప్రయోగశాలల్లో చేసే ఒక పరీక్ష కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. మందుకు త్వరగా చచ్చే ఒక బ్యాక్టీరియాను పాలలో వదిలి, అది పెరుగుతుందో లేదో రంగు మార్పును బట్టి చూస్తారు.

నివారణ మాత్రం శాలలోనే జరగాలి, అందులో ఖరీదైనది తక్కువ. పితికే ముందు చేతులు, పొదుగు కడిగి పొడి బట్టతో తుడవాలి. మొదటి రెండు మూడు ధారలను నల్లగుడ్డ మీద పిండితే గడ్డలుంటే కనిపిస్తాయి. బొటనవేలు మడిచి పిండితే చన్ను లోపల గాయమవుతుంది, కాబట్టి పిడికిలితో పితకాలి. పితికాక చన్ను రంధ్రం మూసుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది. అప్పుడు మేత వేస్తే ఆవు పేడలో పడుకోకుండా నిలబడి ఉంటుంది. వాపున్న ఆవును చివర పితికితే చేతుల ద్వారా మరో పొదుగుకు రోగం పాకదు.

వాపు మొదట్లోనే కనిపిస్తే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న ఒక నాటు వైద్యం ఉంది. తంజావూరు పశువైద్య ఆచార్యుడు పుణ్యమూర్తి సంప్రదాయ జ్ఞానంలోంచి దాన్ని ఏర్చి కూర్చారు. పావుకిలో కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరితే ఎర్రటి ముద్ద అవుతుంది. దాన్ని నీళ్లతో పలచన చేసి, పాలు పూర్తిగా పిండేసిన పొదుగుకు రోజుకు పదిసార్లు చొప్పున అయిదు రోజులు రాయాలి. పాడేరు మన్యపు పసుపుకు ఉన్న పేరు తెలిసినవాళ్లకు ఈ మందు ఇక్కడి సంతలోనే దొరుకుతుందని వేరే చెప్పక్కర్లేదు. జ్వరం వచ్చి ఆవు మేత మానేస్తే మాత్రం పూతతో కాలక్షేపం చేయకూడదు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్యశాలను పిలవాలి. అప్పుడు యాంటీబయాటిక్ అవసరమే. వైద్యుడు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు వేయాలి.

నెదర్లాండ్స్ పశువుల యాంటీబయాటిక్ అమ్మకాలను 2009తో పోలిస్తే 2020 నాటికి దాదాపు 70 శాతం తగ్గించింది. పాలు ఎండగట్టే సమయంలో ప్రతి ఆవుకూ ముందుజాగ్రత్తగా మందు ఎక్కించడం అక్కడ మానేశారు. ఏ రైతు ఎంత మందు వాడాడో, ఏ వైద్యుడు ఎంత రాశాడో లెక్క కట్టారు. పాడి పరిశ్రమ అందువల్ల కుప్పకూలలేదు.

మన దగ్గర లెక్క ఇంకా ఆవు దగ్గరే చిక్కుకుని ఉంది. రోజుకు 4 లీటర్లు ఇచ్చే ఆవుకు మందు వేస్తే, ఏడు రోజుల్లో 28 లీటర్లు పారబోయాలి. ఒకే ఆవు ఉన్న ఇంటికి అది ఆ వారపు సంత ఖర్చు. సీసా మీద సన్నటి ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన గడువు చదివి, అర్థం చేసుకుని, ఆ నష్టాన్ని ఒంటరిగా మోయమని రైతును అడగడం న్యాయం కాదు. పాల కేంద్రం ఆ ఏడు రోజులకు కొంతైనా ధర కట్టి ఇస్తే, ఆవుకు మందు వేశామన్న మాట రైతు నోటే వస్తుంది. ఆ ఒక్క క్యాన్ పక్కన పెడితే మిగతా ఊరి పాలన్నీ నిలుస్తాయి. కొండ మీద పాల కేంద్రాలు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నాయి కాబట్టి, మందు వేసిన ఆవుల లెక్కకు మొదటి రోజు పుస్తకంలోనే ఒక గడి పెట్టవచ్చు.